డ్రోను నేర్పిన పాఠము

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు చెప్పుట మాకు వాడుక. అవి అన్నియు నివేదికలో అచ్చుపడియున్నవి. ఈ సాయంకాలము మేము క్రొత్తగా నేర్చుకొనిన ఒక విద్యను గూర్చియు, అందు మేము చేసిన ఒక తప్పును గూర్చియు మీతో చెప్పదలచితిమి.

గత సంవత్సరము పూర్వ విద్యార్థులు కొందరు మన బడికి ఒక చిన్న డ్రోనును కానుకగా ఇచ్చిరి. రెక్కలు మడచినచో అరచేతిలో ఇమిడిపోవును. బరువు 250 గ్రాములకు లోపు. దానిని ఎగురవేయుట మా ఉపాధ్యాయులలో ఎవ్వరికిని తెలియదు. ఏబది దాటిన మేమును, పదమూడేండ్ల పిల్లలును ఒకే వరుసలో కూర్చుండి ఓనమాలు దిద్దవలసి వచ్చినది.

అది ఎట్లెగురునో మొదట చెప్పెదము. దానికి నాలుగు మోటారులు, నాలుగు రెక్కలు ఉండును. రెక్కలు గాలిని క్రిందికి త్రోయును. ఆ త్రోపునకు బదులుగా యంత్రము పైకి లేచును. పడవలో నిలిచి గెడతో గట్టును నెట్టినచో పడవయే వెనుకకు పోవును గదా, ఇదియు అట్టిదే. అయితే రెక్క ఒక వైపునకు తిరిగినపుడు యంత్రపు దేహము దానికి ఎదురు దిశలో తిరుగజూచును. అందుచేత రెండు రెక్కలు గడియారపు ముల్లువలె తిరుగునట్లును, తక్కిన రెండు దానికి ఎదురుగా తిరుగునట్లును అమర్చుదురు. ఒకదాని లాగుడు మరియొకదానితో సరిపోయి యంత్రము నిలకడగా నుండును. వెనుక మోటారుల వేగము హెచ్చించినచో ముందుకు వంగి ముందుకు సాగును. ఇదంతయు లోపలి చిన్న కంప్యూటరు క్షణక్షణము సరిచూచుచుండును.

ఇందువలన ఒక నియమము ఏర్పడుచున్నది. ఏ మోటారు రెక్క ఆ మోటారునకే తగిలింపవలెను. రెక్కపైనను మోటారుపైనను చిన్న గుర్తు ఉండును. రెండును ఒకటిగా నుండవలెను. మారినచో ఆ మూల పైకి లేవక యంత్రము పల్టీ కొట్టును.

ఈ సంగతి మేము పుస్తకములో చదివియే యుంటిమి. అయినను మొదటి శనివారము నాడు పిల్లలందరును చుట్టును మూగియుండగా, మాకు ఆతురత హెచ్చినది. దుమ్ము తుడుచుటకై తీసిన రెక్కలను గుర్తులు చూడకయే మరల బిగించితిమి. మీటను పైకి నెట్టగనే డ్రోను ఒక ప్రక్కకు ఒరిగి నేలను కొట్టుకొన్నది. ఒక రెక్క విరిగి, దాని తునక మూడవ తరగతి పాప పాదము ప్రక్కగా దూసుకొనిపోయినది. దైవవశమున ఎవ్వరికిని గాయము కాలేదు. కాని మా చేతులు చాలసేపు వణకినవి.

మధ్యాహ్నము ఎనిమిదవ తరగతి బాలుడొకడు మా గది గుమ్మము కడ నిలిచెను. వాడు మితభాషి. “రెక్కల గుర్తులు మారినాయి సార్. నేను చూస్తిని,” అనెను.

“చూచితివా? అప్పుడేల చెప్పలేదు?”

“పెద్దసారుకు ఎట్ల చెప్పేదని ఊరకుంటిని సార్.”

తలిదండ్రులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెక్క విరిగినందుకు గాదు. దాని వెల స్వల్పము. కండ్లెదుట ప్రమాదమును చూచిన బాలుడు నోరు మెదపకుండుటను వినయమని ఇన్నేండ్లుగా నేర్పినవారము మేమే గదా యని విచారించితిమి.

ఇట్టి పొరపాటు మా వంటి అనుభవము లేనివారు మాత్రమే చేయుదురని తలపరాదు. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ సంస్థ క్రొత్తగా నిర్మించిన పెద్ద విమానమొకటి పరీక్షకై లేచి, కొలది క్షణములలోనే కూలిపోయెను. నడిపినవారు ఆరితేరినవారు. నేలపై నున్నపుడు గాలికి తోక రెక్కలు కదలకుండ వేసిన బంధమును విప్పుట మరచిరి. పిమ్మట ఆ విమానమును విడనాడక, ఎగురుటకు ముందు చూడవలసినవాని నన్నిటిని ఒక చీటీపై వ్రాసి, ఒక్కొక్కటిగా చదివి సరిచూచు పద్ధతిని ఏర్పరచిరి. నేడు ప్రయాణికుల విమానములలో సైతము ఆ పద్ధతియే నడచుచున్నది.

మేమును అట్టి చీటీని సిద్ధము చేయ సంకల్పించితిమి. మొదట పెట్టెలో వచ్చిన ఆంగ్ల పుస్తకమునుండి ఎత్తి వ్రాసితిమి. పిల్లలు గడగడ చదివిరి గాని, ఆ మాటకు అర్థమేమని అడిగిన దిక్కులు చూచిరి. అప్పుడు వారినే కూర్చుండబెట్టి తెలుగున వ్రాయించితిమి. మోటారు, బ్యాటరీ, రిమోటు అట్లే యుంచిరి. దిక్సూచి, మీట, రెక్క మన మాటలే. రెండు గంటలలో ఎనిమిది వాక్యములు తయారైనవి. ఇంట డ్రోను కొనదలచినవారికి పనికి వచ్చునని వానిని ఇచట చెప్పుచున్నాము.

మొదటిది, చోటు. 2021 నాటి కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము 250 గ్రాములకు మించనివి నానో తరగతికి చెందును. వానిని నడుపుటకు పైలట్ ధ్రువపత్రము అక్కరలేదు. అయినను ఆకాశ పటములో ఆకుపచ్చగా నున్న చోటుననే, 400 అడుగులకు మించకుండ ఎగురవేయవలెను. హోసూరు వైపున బేలగొండపల్లి వద్ద విమాన మైదానము కలదు గనుక మన జిల్లాలో ఆ పటమును ఏ దినమునకు ఆ దినమే చూడవలెను. రెండవది, చెట్ల కొమ్మలు ఊగునంత గాలి యున్నచో ఆ పూటకు పెట్టె తెరువరాదు. మూడవది, జనులు పదియడుగులు గాదు, పది బారల దూరమున నిలువవలెను. నాలుగవది, బ్యాటరీ నిండియుండవలెను, ఉబ్బినదానిని ముట్టరాదు, వేడిగా నున్నదానిని ఛార్జి చేయరాదు. అయిదవది, రెక్కల గుర్తులు, పగుళ్లు. ఆరవది, ఉపగ్రహముల సంకేతము అంది, డ్రోను తాను బయలుదేరిన చోటును గుర్తించువరకు ఓపిక పట్టవలెను. ఏడవది, తిరిగివచ్చు ఎత్తును మన కొబ్బరిచెట్ల కంటె హెచ్చుగా నిర్ణయింపవలెను. లేనిచో ఇంటికి వచ్చు తొందరలో అది చెట్టులోనే దూరును. ఎనిమిదవది, దాని తోక మన వైపునకును, ముఖము అవతలకును ఉండవలెను.

ఈ చివరి మాటకు కారణము కలదు. ముఖము మన వైపునకు తిరిగినచో దాని కుడి మన యెడమ యగును. డ్రిల్లు మాస్టరు పిల్లల కెదురుగా నిలిచి “కుడి చేయి” అనుచు తన ఎడమ చేయి ఎత్తుట మీరు చూచియుందురు. ఆ చిక్కే ఇదియు. క్రొత్తవారు ఎక్కువగా ఇచ్చటనే తడబడుదురు. భయపడి నేల కంటియుంచుటయు తప్పే. క్రిందికి కొట్టిన గాలి నేలను తాకి తిరిగి లేచి యంత్రమును ఊపివేయును. నిలువెత్తున నిలిపి, కదలకుండ ఉంచుటయే మొదటి వారముల పాఠము. బ్యాటరీ మూడవ వంతు మిగిలియుండగనే దింపవలెను.

ఇప్పుడు ఒకరు చీటీ చదువుదురు. మరియొకరు చేతితో తాకి “సరి” అందురు. దీనికి తోడు ఒక తొమ్మిదవ నియమమును మేము చేర్చితిమి. చూచుచున్న ఏ బిడ్డయైనను “నిలుపు” అన్నచో, మీట పట్టినవారు ఎవరైనను వెంటనే దింపవలెను. ప్రధానోపాధ్యాయులకు మినహాయింపు లేదు. ఈ ఏడు మాకు మూడుమారులు “నిలుపు” వినబడెను. ఒకమారు బిడ్డ పొరబడెను. ఆ మారు కూడ “మంచిది, చూచితివి” అనియే చెప్పితిమి. రెండుమారులు తప్పు మాదే.

ఆ మితభాషియైన బాలుడే ఇపుడు శనివారము చీటీ చదువుచున్నాడు. వాని కంఠము మైదానమంతయు వినబడుచున్నది.

తెలుగు చదువుతో ఏమి ప్రయోజనమని మీలో కొందరు మమ్ము అడుగుచుందురు. ఆంగ్లము వలదని మేము చెప్పము. ఈ నాట తమిళము రావలెను, ఆంగ్లమును రావలెను. కాని ఆపద వేళ పెద్దవానిని ఆపు మాట బిడ్డ నోట తడుముకొనకుండ రావలెనన్న, అది ముందుగా ఇంటి భాషలో పలికియుండవలెను. ఆ మాటను బడి ఒక్కటియే నేర్పజాలదు. స్కూటరుపై పోవునపుడు వెనుకనున్న బిడ్డ “నాయనా, మెల్లగా” అన్నచో కసరక వేగము తగ్గింపుడు. అది అవిధేయత గాదు.

శనివారము ఉదయము ఏడు గంటలకు, గాలి లేవక ముందు, మైదానమునకు రండు. మేము ఇంకను నేర్చుకొనుచునే యున్నాము. పది బారల దూరమున నిలిచి చూడుడు. తప్పు కనబడినచో మీరును “నిలుపు” అనుడు.

సెలవు.