ఎవరి మాటలు, ఎవరి పేరు? – సైకాలజీ పరిశోధనా పత్రాల గురించి

(ఉస్మానియా క్యాంపస్‌లో సైకాలజీ విద్యార్థినులూ, మహిళా సంఘాల కార్యకర్తలూ కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైకాలజీ పేపర్ ఎలా రాయాలో చెప్పడానికి సోషియాలజీ మనిషిని ఎందుకు పిలిచారని ముందు వరసల్లో ఉన్న విద్యార్థినులు అనుకుంటుండొచ్చు. పేపర్లు రాసుకునే వాళ్ల సమావేశానికి మమ్మల్నెందుకు రమ్మన్నారని వెనక కూర్చున్న సంఘాల వాళ్లు అనుకుంటుండొచ్చు. రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను.

ఏటా పరీక్షల కాలం దగ్గర పడేసరికి మన కౌన్సెలింగ్ కేంద్రాలకీ, షెల్టర్ హోములకీ, బస్తీ సమావేశాలకీ ఫైళ్లు పట్టుకుని ఆడపిల్లలు వస్తారు. "మేడం, హింసకి గురైన స్త్రీలు ముప్ఫై మంది కావాలి, హింస లేని వాళ్లు ముప్ఫై మంది కావాలి" అంటారు, బట్టల కొట్లో సైజు అడిగినట్టు. పాపం వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి అలాగే నేర్పారు. మనవాళ్లు ఉన్న పని ఆపుకుని స్త్రీలని కూర్చోబెడతారు. ప్రశ్నావళులు నిండుతాయి. పిల్లలు థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఆ పేపర్ ఏమైందో, అందులో ఈ స్త్రీల గురించి ఏం రాశారో మనకి తెలీదు. మీ సంఘం బీరువాలో ఎన్ని పేపర్ల కాపీలున్నాయో ఇంటికెళ్లాక ఒకసారి చూడండి. కాబట్టి పేపర్ నిజాయితీగా రాయడం అన్నది విద్యార్థికీ యూనివర్సిటీకీ మధ్య వ్యవహారంగా నేను చూడలేను. మధ్యలో మూడో మనిషి ఉంది. ఆమె మాటలతోనే పేపర్ తయారవుతుంది, ఆమె పేరు మాత్రం అందులో ఉండదు.

నిజాయితీ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది కాపీ. 2018లో యూజీసీ దీని మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకూ ఉంటే ఆరు నెలల్లోగా సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 వరకూ ఉంటే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. నిబంధన ఉండటం మంచిదే. కానీ అప్పట్నించీ పిల్లలు నా దగ్గరికొచ్చి "ఎంత శాతం వచ్చింది మేడం?" అని అడుగుతున్నారే గానీ "ఇది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అని అడిగేవాళ్లు తగ్గిపోయారు. యంత్రం మాటల పోలికని పడుతుంది, ఆలోచన ఎవరిదో దానికి తెలీదు. ఒక తెలుగు పుస్తకంలోని నాలుగు పేజీలని ఇంగ్లీషులోకి మార్చి మన పేరు పెట్టుకుంటే అది మూడు శాతం కూడా చూపించకపోవచ్చు.

తెలుగులో 'గైడు' అన్న మాటకి రెండర్థాలున్నాయి. పరీక్షకి వారం ముందు కొనే పుస్తకం గైడే, పరిశోధనలో మనకి దారి చూపాల్సిన మనిషీ గైడే. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మొదటి గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే మార్కులేసిన వ్యవస్థ, ఎం.ఏ.లో అడుగుపెట్టగానే అదే పనిని దొంగతనం అంటుంది. మధ్యలో ఏం మారిందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో మొదటి తరంగా ఈ క్యాంపస్‌కి వచ్చిన అమ్మాయి కాపీ కొట్టేది బద్ధకంతో అని నేను నమ్మను. తన ఇంగ్లీషు మీద తనకి నమ్మకం లేదు. పుస్తకంలో వాక్యం నున్నగా ఉంది, తన వాక్యం గరుగ్గా ఉంది. నున్నటిది పెట్టేస్తుంది.

దీనికి నేను చెప్పే పద్ధతి నాటుది. ఒక వ్యాసం చదివాక పుస్తకం మూసేయండి. హాస్టల్లో మీ గది స్నేహితురాలికి, సైకాలజీ చదవని అమ్మాయికైతే ఇంకా మంచిది, అందులో ఏముందో తెలుగులో చెప్పండి. ఆమె "అంటే ఏంటే?" అని అడిగిన చోటల్లా మీకు అర్థం కాలేదన్నమాట. చెప్పిందాన్ని తెలుగులోనే రాసుకోండి, రచయిత పేరూ, సంవత్సరం, పేజీ నంబరూ పక్కన వేసుకోండి. ఆ తర్వాత ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు రాయండి. అప్పుడు పుస్తకం తెరిచి సరిచూసుకోండి. రచయిత మాట కచ్చితంగా కావాలనిపిస్తే కొటేషన్‌లో పెట్టి పేజీ నంబరివ్వండి. సైకాలజీ వాళ్లు పాటించే ఏపీఏ పద్ధతి 1929లో ఒక జర్నల్లో ఏడు పేజీల వ్యాసంగా మొదలై, 2019 నాటి ఏడో ముద్రణకి నాలుగు వందల పేజీలు దాటింది. కామా ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి ఆ పుస్తకం ఉంది, దాన్ని బట్టీ పట్టొద్దు. తెరిచి చూడని పేపర్‌ని మాత్రం రెఫరెన్సుల్లో పెట్టకండి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచీ ఇది ఇంకా గట్టిగా చెప్పాల్సొస్తోంది. లేని పేపర్‌కి లేని రచయితనీ, సంవత్సరాన్నీ, సంపుటి సంఖ్యతో సహా అది పుట్టించగలదు.

ఇక నాకు ఎక్కువ కోపం తెప్పించే సంగతికి వస్తాను. మన సైకాలజీ శాఖల్లో డిసర్టేషన్లు తిరగేస్తే 'వర్కింగ్ అండ్ నాన్-వర్కింగ్ విమెన్' అన్న శీర్షిక పదే పదే కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరికి ఒత్తిడి ఎక్కువ, ఎవరి దాంపత్యంలో సర్దుబాటు ఎక్కువ అని. పని చెయ్యని స్త్రీ ఎవరు? 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు చాకిరీ చేసే మనిషిని 'నాన్-వర్కింగ్' అని శీర్షికలోనే రాశాక, లోపల లెక్కలు ఎంత శుభ్రంగా వేస్తే మాత్రం ఏం లాభం? ఇందులో కాపీ లేదు, దొంగ లెక్క లేదు. అయినా అది అబద్ధం. పైగా ఒకే ఒక్కసారి అరవై మందిని అడిగి, 'ఉద్యోగం వల్ల దాంపత్యంలో ఒత్తిడి పెరుగుతుంది' అని చివర్లో తేలుస్తారు. రెండూ కలిసి కనిపించాయి అన్నంత వరకే ఆ లెక్క చెప్పగలదు. ఉద్యోగం కారణమా, ఇంటికొచ్చాక మళ్లీ మొత్తం వంటపని తనమీదే పడటం కారణమా? మీ ప్రశ్నావళిలో భర్త ఎన్ని గంటలు పని చేస్తాడని అడగలేదు కదా! అమెరికాలో నయోమీ వైస్టీన్ 1968లోనే మనస్తత్వశాస్త్రం స్త్రీ గురించి చెప్పేదంతా స్త్రీ బతికే పరిస్థితులని వదిలేసి చెప్పేదేనని రాసింది. మీ సిలబస్‌లో ఆమె లేకపోతే అడిగి పెట్టించుకోండి.

అసలు ఆ ప్రశ్నావళుల భాష గురించి కొంచెం మాట్లాడాలి. 1977లో అమెరికాలో తయారైన సీఈఎస్-డీ అనే ఇరవై ప్రశ్నల కొలమానం కుంగుబాటుని కొలవడానికి ఎక్కువగా వాడతారు. అందులో 'బ్లూస్' అన్న మాటుంది. దాన్ని తెలుగులో ఏమంటారు? దిగులంటారా, బెంగంటారా, మనసు బాగుండటం లేదంటారా? మన స్త్రీలు చాలామంది కౌన్సెలింగ్‌కి వచ్చినప్పుడు దిగులుగా ఉందని మొదలుపెట్టరు. నీరసంగా ఉందంటారు, గుండె దడగా ఉందంటారు, తల బరువంటారు, నిద్ర పట్టదంటారు. ఇవి మీ కొలమానంలో ఎక్కడో ఒక మూల ఉంటాయి, లేదా ఉండవు. పద్ధతి ఏంటంటే, ఒకరు తెలుగులోకి మార్చాలి, అసలు చూడని మరొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పోల్చి చూడాలి, కొద్దిమంది స్త్రీల దగ్గర అడిగి చూడాలి, కొలమానం తయారుచేసిన వాళ్ల అనుమతి అవసరమైన చోట తీసుకోవాలి. చాలా పేపర్లలో 'పరిశోధకురాలు అనువదించింది' అన్న ఒక్క వాక్యంతో ఇదంతా అయిపోతుంది. రాత్రికి రాత్రి మీరే అనువదించి ఉంటే ఆ సంగతే రాయండి, అది పేపర్‌కి పరిమితి అని ఒప్పుకోండి. ఈ క్యాంపస్‌కి అనువాదం కొత్త కాదు. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. అంతకు ఏడాది ముందే పాఠ్యపుస్తకాల కోసం అనువాద సంస్థ, దారుల్ తర్జుమా, పెట్టారు. ఒక్కో శాస్త్రపు మాట కోసం పండితులు కూర్చుని వాదించుకున్న చోటిది.

శాంపిల్ సంగతి. క్యాంపస్‌ని ఆనుకుని మాణికేశ్వరినగర్ ఉంది. నడిచి వెళ్లొచ్చు, అందుకని అక్కడికే వెళ్తారు. ఫరవాలేదు, కానీ పేపర్లో 'హైదరాబాద్ నగరంలోని పేద స్త్రీలు' అని రాయకండి. మాణికేశ్వరినగర్‌లో, ఫలానా నెలలో, పగటిపూట ఇంట్లో దొరికిన స్త్రీలు అని రాయండి. పగలు ఇళ్లలో పనికి వెళ్లినామె మీకు దొరకలేదని అప్పుడే చదివేవాళ్లకి తెలుస్తుంది.

దొరకని వాళ్ల ప్రశ్నావళుల్ని హాస్టల్ గదిలో కూర్చుని నింపేసే అలవాటు గురించి అందరికీ తెలుసు, ఎవరూ పైకి మాట్లాడరు. నెదర్లాండ్స్‌లో టిల్‌బర్గ్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ డీడరిక్ స్టాపెల్ ఏళ్ల తరబడి చేసిందీ ఇదే, పెద్ద ఎత్తున. 2011లో బయటపడింది. యాభైకి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. బయటపెట్టింది పెద్దలు కాదు, అతని విభాగంలోని ముగ్గురు యువ పరిశోధకులు. అతనిచ్చిన దొంగ డేటాని నమ్మి పీహెచ్‌డీ రాసుకున్న విద్యార్థుల పనీ మట్టిలో కలిసింది. మన దగ్గర ఒక అమ్మాయి తన గైడు లెక్కల్ని అనుమానిస్తే ఎవరికి చెప్పుకోవాలి? సంతకం ఆయన చేతిలో, స్కాలర్‌షిప్పు ఆయన చేతిలో, వైవా తేదీ ఆయన చేతిలో. విద్యార్థి ఒంటరిగా నిజాయితీగా ఉండాలనడం సులభం.

పిల్లలు లెక్కల్లో మోసానికి దిగేది చాలాసార్లు 'రిజల్ట్ రాలేదు' అన్న భయంతో. తేడా కనిపించలేదంటే అదీ ఫలితమే. 2015లో వంద సైకాలజీ అధ్యయనాల్ని మళ్లీ చేసి చూశారు. అసలు పేపర్లలో 97 శాతం గణాంక ప్రాముఖ్యం ఉన్న ఫలితాలు చూపిస్తే, మళ్లీ చేసినప్పుడు 36 శాతమే నిలిచాయి. పెద్ద పెద్ద జర్నల్స్‌లో వచ్చినవే అవి. గైడు గారు 'రిజల్ట్ రాలేదు' అని విసుక్కుంటే ఈ అంకె చూపించండి.

సమ్మతి గురించి వెనక వరసల వాళ్లకి నేను చెప్పాల్సింది లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాల అధ్యయనం జరిగింది, 2010లో ఆపేశారు. దాని మీద పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో నివేదికిచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్న 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తల్లిదండ్రులకి మాటే తెలీదు. ప్రశ్నావళికి సూది లేదు కదా అంటారు. నిజమే. కానీ షెల్టర్ హోమ్‌లో ఉన్న స్త్రీ, వార్డెన్ పక్కన నిలబడి ఉండగా, 'మీ ఇష్టమైతేనే చెప్పండి' అన్న మాటని ఏమని అర్థం చేసుకుంటుంది? కాదంటే రేపటి నుంచి అన్నం పెడతారో లేదో ఆమెకి తెలీదు. గృహహింస మీద పరిశోధన చేసేవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సూచనలిచ్చింది: ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడగాలి, ఏకాంతంగా అడగాలి, మధ్యలో ఎవరైనా వస్తే మాట మార్చడానికి వేరే ప్రశ్నలు సిద్ధంగా ఉండాలి, అడిగి ఊరుకోకుండా సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పగలగాలి. భర్త పక్క గదిలో టీవీ చూస్తుండగా నింపించిన ప్రశ్నావళి ఆమె ప్రాణానికే ప్రమాదం. పేపర్‌కి కూడా పనికిరాదు, ఆమె నిజం చెప్పదు.

పేరు రాయకపోతే గుర్తుపట్టరని కూడా అనుకోకండి. 'తార్నాకలో బ్యాంకు ఉద్యోగిని, 38 ఏళ్లు, ఇద్దరాడపిల్లలు, భర్త లాయరు, రెండేళ్లుగా కోర్టులో కేసు' అని రాస్తే ఇంకేం మిగిలింది? అటు లాయర్ ఆ పేపర్‌ని కోర్టులో పెట్టినా పెడతాడు. వివరాలు మార్చండి, మార్చామని చెప్పండి. అలాగని పేరు దాచడమే ఎప్పుడూ న్యాయమనీ అనను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో తమ మాటల్లో మాట్లాడారు. పేరు కావాలో వద్దో ఆమెని అడగాలి, అంతే.

ప్రచురణ గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సమర్పించే ముందు జర్నల్లో పేపర్ తప్పనిసరి. 2022లో యూజీసీ ఆ షరతు తీసేసింది. ఈలోగా డబ్బు తీసుకుని వేసే జర్నల్స్ పుట్టగొడుగుల్లా లేచాయి. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష జరుగుతుందని నమ్మించారనీ, ఫీజు సంగతి దాచారనీ ఆరోపణ. 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమంది. రెండు రోజుల్లో 'అంగీకరించాం' అని ఉత్తరం పంపి ఫీజు అడిగే జర్నల్‌కి మీ స్కాలర్‌షిప్పు డబ్బు పంపకండి. అలాగే పేపర్లో పని చెయ్యని వాళ్ల పేరు పెట్టమని అడిగితే, ఎవరెవరు ఏ పని చేశారో కాగితం మీద ముందే రాసుకోండి. అది మీ దగ్గర ఉంటే మాట్లాడటానికి కాస్త ధైర్యం వస్తుంది.

సంఘాల వాళ్లతో ఒక్క మాట. ఇకమీదట ఏ విద్యార్థి వచ్చినా మూడు అడగండి. ప్రశ్నావళి తెలుగులో ముందుగా మనకి చూపించాలి. ఏ స్త్రీ అయినా మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని ఆమె ముందే చెప్పాలి. పని పూర్తయ్యాక రెండు పేజీలు తెలుగులో రాసి తెచ్చి, మన సమావేశంలో పైకి చదవాలి. ఒప్పుకోని వాళ్లని మర్యాదగా పంపించెయ్యండి. ఒప్పుకున్న వాళ్లకి టీ ఇచ్చి కూర్చోబెట్టండి.

ఇప్పుడు మనకీ టీ వచ్చింది. టీ అయ్యాక ప్రశ్నావళులు తెచ్చినవాళ్లు అవి బయటికి తియ్యండి. మాణికేశ్వరినగర్ నుంచి వచ్చిన అక్కలు ముగ్గురున్నారు, ఒక్కో ప్రశ్నా వాళ్లకి పైకి చదివి వినిపిద్దాం. ఏది అర్థమైందో, ఏది అడగకూడదో వాళ్లు చెప్తారు. నేను బోర్డు మీద రాస్తుంటాను.