కాందిశీకుల కాలిత్రోవ
(ఒక గ్రంథాలయమునందు చదువబడిన ఉపన్యాసము)



రెండు రాజ్యముల నడుమ గల ఎల్లను కాలినడకను దాటుటయన్న విషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఈ మాట వినినంతనే తమలో పలువురకు దేశాటనము చేసిన యాత్రికులును, వారి వింతయనుభవములును, వారు వ్రాసిన గ్రంథములును స్ఫురించియుండును. నాకు స్ఫురించినది వేఱు. గ్రంథములు వ్రాయనివారు, వ్రాయ నేర్వనివారు, గోదావరి విశాఖపట్టణము శ్రీకాకుళ ప్రాంతముల కూలిజనము, 1942వ సంవత్సరమున బర్మానుండి నడచివచ్చిన త్రోవయే నా మనస్సునకు తోచినది. అప్పుడు భారతదేశపు తూర్పుటెల్లను దాటి వచ్చినవారి సంఖ్య నాలుగైదు లక్షలని అంచనా. వారిలో తెలుగువారు వేలకు వేలు. అంతటి సంఘటనమునకు మన పాఠ్యపుస్తకములలో దొరకు చోటు ఒక్క పంక్తి మాత్రమే. అదియు అన్నింటను లేదు.

వారిని మన పత్రికలు కాందిశీకులనినవి. ఈ మాట యెంత చక్కనిదో గమనింపుడు. ఏ దిక్కునకు పోవుదునని భయముతో పరుగెత్తువాడు కాందిశీకుడని సంస్కృత వ్యుత్పత్తి. తరువాతి కాలమున ఈ మాటను శరణార్థి యనుమాట చాలవఱకు త్రోసివేసినది. శరణార్థికి శరణమిచ్చువాడొకడు ఎదుట నుండవలెను. కాందిశీకునకు అదియు లేదు.

మనవారు బర్మాకు పోయిన విధము తమరు పెద్దలవలన వినియే యుందురు. ఉత్తరాంధ్రపు పల్లెలలో రంగూనును రంగమనెడివారు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి స్టీమరు డెక్కుమీద టిక్కెట్టు పుచ్చుకొని, మేస్త్రీ వెంట వరికోతల కాలమునకును, బియ్యపు మిల్లుల కాలమునకును పోయి, కొన్ని యేండ్లకు తిరిగివచ్చెడివారు. కోరంగి రేవు పేరునుబట్టి అచట తెలుగు కూలివానికి కోరంగీ యన్న పేరు స్థిరపడెను. రంగూను రేవులో బస్తాలు మోసినవాడును, రిక్షా లాగినవాడును, వీధులూడ్చి పాయిఖానాలు శుభ్రపఱచినవాడును చాలవఱకు మనవాడే. 1931 జనసంఖ్యనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడియుండిరి. రంగూను నగరమునందైతే సగమునకు మించి భారతీయులే.

ఇందొక సత్యమును దాచుట తగదు. బర్మీయులకు మనయెడ కోపము కలుగుటకు కారణములు లేకపోలేదు. 1930 తరువాత వచ్చిన ధరల పతనమువలన, దిగువ బర్మాలోని ముఖ్యమైన వరిజిల్లాలలో సుమారు నాలుగవవంతు భూమి అప్పులక్రింద చెట్టియార్ల వశమయ్యెను. తక్కువ కూలికి పనిచేయు మనవారివలన బర్మా కూలికి పని దొరకదాయెను. 1930 మే నెలలో రంగూను రేవునందు తెలుగు కూలీలు సమ్మె కట్టగా, ఓడల యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె ముగియగానే వారిని వెడలగొట్టి తెలుగువారిని మరల పిలిచిరి. ఆ పూటనే కత్తులు లేచినవి. నూటికి పైగా ప్రాణములు పోయినవి. వానిలో అధికము మనవారివే. ఒక పేదవానిని వేఱొక పేదవానిమీదికి ఉసికొల్పి లాభము గొన్నవాడు మాత్రము ఆనాడు గుమ్మము దాటి వీధిలోనికి రాలేదు.

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేఱుచేయబడెను. అంతవఱకు విశాఖపట్టణమునుండి రంగూనుకు పోవుట ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు పోవుటయే. ఆనాటి రాత్రి పండుకొనిన కూలివాడు తెల్లవారి లేచునప్పటికి పరదేశమున నుండెను. వానికి ఆ సంగతి చెప్పినవాడు లేడు. మన పల్లెవానికి పొలిమేర యన నేమో తెలియును. అచట పొలిమేర దేవత యుండును. ఏటేట జాతరనాడు మ్రొక్కు చెల్లించును. లండనులో పార్లమెంటు గీసిన పొలిమేర యెచట నున్నదో, దానికి చెల్లింపవలసిన మ్రొక్కుబడి యేమో వాడెఱుగడు. అది 1941 జూలైలో తెలియవచ్చెను. భారతీయుల రాకకు అనుమతి పత్రములును, రుసుములును, కాలపరిమితియు విధించు ఒడంబడిక యొకటి రెండు ప్రభుత్వముల నడుమ కుదిరెను. గాంధీగారు దానిని బహిరంగముగా ఖండించిరి. ఆ వివాదము తేలకమునుపే జపానుతో యుద్ధము వచ్చెను.

1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుమీద జపాను విమానములు బాంబులు వేసినవి. అంతకుముందట్టిది చూచియెఱుగని జనము వీధులలో నిలిచి ఆకాశమువంక చూచుచుండిరి. పెక్కువేలమంది చచ్చిరనియు, గాయపడిరనియు లెక్క. 25వ తేదీన మరల దాడి జరిగెను. స్టీమరు టిక్కెట్టు కొనగలవారు రేవునకు పోయిరి. కొనలేనివారు మూటలు నెత్తికెత్తుకొని ప్రోము దారి పట్టిరి. రంగూనునుండి ప్రోమునకు రైలుదారిని 161 మైళ్ళు. అప్పుడు దొరతనమువారికి ఒక సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఈ కూలీలు పోయినచో ఓడలలోని సరకు దింపువాడెవడు? నగరమున చెత్త ఎత్తువాడెవడు? రక్షణ కల్పింతుమని నచ్చచెప్పి త్రోవలోనున్న పలువురను వెనుకకు మరలించిరి. రెండు నెలలు గడవకమునుపే దొరతనమువారే నగరమును విడిచిరి. 1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. వెనుకకు మరలింపబడినవారు రెండవమారు అదే దారిని నడువవలసివచ్చెను.

ప్రోమువద్ద ఐరావతీనదిని దాటి, అరకాను యోమా యను కొండలవరుస నెక్కి, తాంగుపు కనుమ మీదుగా సముద్రతీరమునకు దిగుట మొదటి త్రోవ. అది నూఱు మైళ్ళకు పైబడిన నడక. అచటినుండి పడవలమీద అక్యాబునకును, ఆపై చిట్టగాంగునకును చేరవలెను. మన సముద్రతీరపువారికి కొండ యెక్కుట అలవాటు లేదు. వేసవి ముదురుకొలది ఆ కనుమలో నీరుండదు. ఉన్నచోట కలరా ఉండెను. ముందు పోయినవారు మురికిచేసిన వాగునీటినే వెనుక వచ్చినవారు త్రాగవలసివచ్చుటచేత, పోను పోను మరణములు హెచ్చినవి. లక్షకు మించిన జనము ఆ కనుమనే దాటినట్లు చెప్పుదురు.

రెండవ త్రోవ ఉత్తరముగా మాండలే, మోన్యువా, కలేవాల మీదుగా కబావు లోయ దాటి తమూ చేరి, కొండలెక్కి మణిపురములోని పాలేలునకు దిగునది. కబావు లోయ మన్యపుజ్వరములకు పేరుపడినది. ఈ లోయను మణిపురమునుండి తీసి బర్మాకిచ్చినది 1834లో కుంఫిణీవారే. నూఱేండ్లకు పూర్వము ఎవరో దొర చేసిన పంపకమువలన, రోగియైన కూలివాడు భారతదేశపు గడప త్రొక్కుటకు మఱికొన్ని దినములు నడువవలసివచ్చెను. తమూనుండి పాలేలు వఱకు మొదట మోటారుబాట లేదు. సైన్యము అవసరమునకై వేయుచుండెను. పాలేలునుండి ఇంఫాలునకును, ఇంఫాలునుండి 134 మైళ్ళ దూరమున నున్న దీమాపూరు రైలుస్టేషనునకును లారీ దొరకినవాడు అదృష్టవంతుడు.

ఈ త్రోవలోనే దేశమంతయు కోపించిన సంగతి జరిగెను. యూరోపియనులకును ఆంగ్లో ఇండియనులకును ఒక దారి, భారతీయులకు వేఱొక దారి ఏర్పడినవి. మొదటిదానిలో విడిదులు, కూలీలు, వాహనములు ఉండెను. రెండవది నిటారుగా నెక్కుచు నీటివసతి తక్కువైనది. తెల్లదారి, నల్లదారి యని జనమే వానికి పేర్లు పెట్టిరి. విదేశములయందలి భారతీయుల శాఖను చూచుచుండిన మాధవ శ్రీహరి అణేగారును, హృదయనాథ కుంజ్రూగారును స్వయముగా పోయి చూచి ఈ భేదభావమును వెల్లడించిరి. 1942 ఏప్రిల్ మే నెలల సంధిలో అలహాబాదున కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘమును దీనిని గర్హించెను. ఇంకను మూడు మాసములు గడువగానే క్విట్ ఇండియా తీర్మానము వచ్చెను. ప్రాణములు కాపాడుకొను త్రోవలో గూడ చర్మపు రంగు చూచిన ప్రభుత్వమునకు, రక్షించెదమని చెప్పుకొను హక్కు ఏమి మిగిలియుండును? చరిత్రకారులు ఆ తీర్మానమునకు చెప్పు కారణములలో ఈ కాలిత్రోవకు పెద్దపీట వేయరు. వేయవలెనని నా యభిప్రాయము.

అయినను నలుపు తెలుపులతోనే కథయంతయు ముగియదు. అస్సాము తేయాకు తోటల దొరలు తమ తోటకూలీలను వెంటగొని వచ్చి, విడిదులు వేసి గంజి పోసిరి. రాత్రింబవళ్ళు పనిచేసి జ్వరముల పాలైన వైద్యులుండిరి. మోయలేని రోగులను మోసినవారిలో కొండజాతులవా రనేకులు. దాపాయేటి వఱదలో చిక్కినవారిని ఏనుగులమీద దాటించుటకు గైల్స్ మాక్రెల్ అను తేయాకు వర్తకుడు ఆ జూన్ నెలలో చేసిన శ్రమ ప్రసిద్ధము. కూలివాడు దొరను మోసినట్లుగనే దొర కూలివానిని మోసిన సందర్భములును నుండెనని చెప్పుట న్యాయము.

మే 8వ తేదీన మిచ్చీనా పడిపోవుటతో విమానముల దారి మూతపడెను. 10వ తేదీన ఇంఫాలుమీద బాంబులు పడి అచటి విడిదులు చెల్లాచెదరైనవి. మిగిలినది హుకాంగు లోయ. పాంగ్సౌ కనుమమీదుగా లేడో చేరు ఆ దారిని వానకాలమున మనుష్యులు నడువరు. అయినను వేలమంది నడచిరి. మోకాలిలోతు బురద, జలగలు, పొంగిన యేళ్ళు, పస్తులు. దానినిగూర్చి విస్తరించుటకు నాకు మనస్సొప్పకున్నది. నెలల తరువాత ఆ దారిని పోయినవారికి త్రోవ చూపినవి ఎముకలేయని మాత్రము చెప్పి విడిచెదను.

దారిలో చచ్చినవారెందఱు? పదివేలని కొందఱును, ఏబదివేలని కొందఱును, అంతకు మించియని మఱికొందఱును అందురు. అంచనాలు ఇంతగా భేదించుటలోనే అసలు సంగతి యున్నది. సైనికుడు చచ్చినచో పలకమీద పేరు చెక్కుదురు. ఇంఫాలులో యుద్ధసమాధులు నేటికిని పచ్చికబయళ్ళ నడుమ చక్కగా నున్నవి. ఓడ డెక్కు టిక్కెట్టుతో పోయి, కాలినడకను వచ్చినవానికి పోయినప్పుడు పేరు లేదు, వచ్చినప్పుడును లేదు.

బ్రదికి కలకత్తా చేరినవారిని రైళ్ళలో స్వస్థలములకు పంపిరి. ఇచట వారికి లభించిన స్వాగతమెట్టిది? 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపాను బాంబులు పడినవి. పట్టణమునందున్నవారు బండ్లు కట్టుకొని పల్లెలకు పరుగిడుచుండ, రంగూను బాంబులకు వెఱచి వచ్చినవారు వాల్తేరు స్టేషనులో దిగిరి. ఎటు పోవలెను? కాందిశీకుడన్న మాట వారికి రెండవమారు సార్థకమయ్యెను.

యుద్ధానంతరము కొందఱు మరల పోయిరి. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. 1962 మార్చిలో నెవిన్ సేనాని అధికారము గైకొనెను. అంగళ్ళు జాతీయము చేయబడినవి. లక్షలమంది మరల వెడలవలసివచ్చినను, ఈమాఱు చాలవఱకు ఓడలమీదనే వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెమువద్ద బర్మాక్యాంపను పేట వారి జ్ఞాపకమే. తమిళసోదరులలో కొందఱు మాత్రము పుట్టిన ఊరిపై మమకారము విడువలేక, మణిపురముమీదుగా నడచి మరల బర్మాలో ప్రవేశింప యత్నించిరి. బర్మావారు రానీయలేదు. వారు తమూ కెదురుగా, ఎల్లకు ఈవలనున్న మోరే గ్రామముననే నిలిచిపోయి, గుడి కట్టుకొని వ్యాపారము సాగించిరి. తండ్రి ఒక దిక్కునుండి దాటిన గీతను కొడుకు రెండవ దిక్కునుండి దాటబోయి ఆగిపోయిన చోటది.

ఆ గీత పొడవు 1643 కిలోమీటర్లు. రెండు దేశములును దానిని ఒడంబడికగా వ్రాసికొన్నది 1967లో. నాగాదేశమున లోంగ్వా యను గ్రామమున గ్రామపెద్ద ఇంటి నడుమనుండియే అది పోవును. ఇరువంకల కొండజాతులవారు కొంతదూరము అనుమతి లేక పోయివచ్చు ఏర్పాటు చిరకాలముండెను. 2018 ఆగస్టులో మోరే తమూల నడుమ పాసుపోర్టుతో నడచిపోవు ద్వారము తెఱచిరి. 2020 మార్చిలో మహమ్మారివలన మూసిరి. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యము మరల గద్దె నెక్కగా, వేలకొలది జనము తియావు ఏటిని దాటి మిజోరాములో ప్రవేశించిరి. వారిని రానీయరాదని ఢిల్లీ చెప్పెను. వారు మా బంధువులని మిజోలు అన్నము పెట్టిరి. 2024 ఫిబ్రవరిలో ఎల్లపొడవున కంచె వేయుదుమనియు, రాకపోకల వెసులుబాటును రద్దుచేయుదుమనియు కేంద్రప్రభుత్వము ప్రకటించెను. కంచె వలదని నేననను. మాదకద్రవ్యములును, ఆయుధములును ఆ త్రోవనే వచ్చుచున్నవని అధికారులు చెప్పుమాట త్రోసివేయదగినది కాదు. కాని ఆ కంచెకు ద్వారములెన్ని, వానివద్ద నిలుచువానికి ఎట్టి యుత్తరువులుండునన్న ప్రశ్న వేయుటకు తెలుగువారికి అధికారము కలదు. మనవారు ఆ త్రోవను నడచియున్నారు.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. కోస్తాలో ఇప్పటికిని బర్మాటేకు స్తంభముల ఇండ్లు కలవు. ఆ యింటివారిని అడిగినచో టేకు ధర చెప్పగలరు. తెచ్చిన తాతతో కలసి ఎవరెవరు నడచిరో, ఎవరు మిగిలిరో చెప్పగలవారు నానాట తక్కువగుచున్నారు. ఆనాడు తల్లి చంకలోనున్న శిశువునకే ఇప్పుడెనుబది యేండ్లు దాటినవి. ఈ గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకము ఉంచుడు. పేరు, ఊరు, పోయిన యేడు, వచ్చిన త్రోవ, దారిలో పోయినవారి పేర్లు, ఈ యైదు గడులు చాలును. చదువురానివారి యిండ్లకు మన యువకులు పోయి వ్రాసికొనిరావలెను. ముందుగా బర్మాక్యాంపునుండియు, కాకినాడ రేవుపేటలనుండియు మొదలిడినచో సులువుగా నుండునని నా యూహ.