గోదావరి తీరాన ద్రాక్షాసవం
(ప్రసంగ పాఠం)



రాజమహేంద్రవరం చేరే గోదావరి జన్మస్థానం మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం. దానికి చేరువనున్న నాసిక్ ప్రాంతంలో, గంగాపూర్ జలాశయ పరిసరాలలో, నేడు ద్రాక్షతోటల నడుమ వైన్ కర్మాగారాలు వెలసి యాత్రికులను ఆకర్షిస్తున్నాయి.

నాసిక్ రైతుకు తినే ద్రాక్ష పాత పంటే. వైన్‌కు తగిన ఫ్రెంచి రకాలను సులా సంస్థ 1997లో అచ్చట నాటింది. 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఈ పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించింది. ఐరోపాలో కోతలు శరత్కాలంలో జరుగుతాయి. ఇచ్చట వానలు వెనుకబడిన తరువాత తీగలు కత్తిరించి, జనవరి మొదలు మార్చి వరకు పంట కోస్తారు.

తెల్ల వైన్‌కు తొక్కలు తొలగించి రసాన్ని పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కలతోనే పులియబెడతారు. ఆ ఎరుపు తొక్కలదే. రుచి పరీక్షించే నిపుణుడు రంగు చూచి, పరిమళం ఆఘ్రాణించి, గుక్కెడు నోట త్రిప్పి ఉమ్మివేస్తాడు. అతడు వెదకేది మత్తును కాదు, నేలా ఎండా ఇచ్చిన గుణాన్ని.

అయితే మత్తుపానీయాల నిషేధానికి ప్రభుత్వాలు కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం నిర్దేశిస్తున్నది. నాసిక్ జిల్లా ఎల్ల దాటితే గుజరాత్. ఆ రాష్ట్రంలో 1960 నుండి మద్యనిషేధం అమలులో ఉన్నది. ఒక రాష్ట్రం రైతు పంటకు గిరాకీ కల్పించదలచింది; పొరుగు రాష్ట్రం సంసారాలను తాగుడు నుండి కాపాడదలచింది. రెండు ఆశయాలూ ప్రజాక్షేమం కొరకే. ద్రాక్షతోటలను మెచ్చుకొనే యాత్రికుడు ఆ ఎల్లను, దాని వెనుకనున్న ఆవేదనను సైతం గౌరవించవలె.