మెదడులో పోగులు
(దుర్గాపూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం ఇక్కడి పవర్ హౌస్ పొగగొట్టాలు చూస్తూ పెరిగినవాళ్లం. ఎలక్ట్రికల్ చదివామంటే "థర్మల్‌లో ఉద్యోగమా?" అని అడుగుతారు. ఇక్కడి థర్మల్ సామర్థ్యం 2920 మెగావాట్లు. మా పని దానికి పూర్తిగా ఎదురు. మెదడులో ఒక నరకణం పలికితే అందేది పదుల మైక్రోవోల్టులు, మహా అయితే కొన్ని వందలు. వోల్టును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి మైక్రోవోల్టు. ఆ సన్నటి సంకేతాన్ని పట్టుకుని, తలలోనే ఉండే పరికరాలు తయారుచేసే ఓ చిన్న స్టార్టప్ కంపెనీలో పనిచేస్తున్నాం.

ఈ పనిలో బాగా పేరు వినిపించేది అమెరికాలో 2016లో మొదలైన న్యూరాలింక్. 2024 జనవరిలో తొలిసారి ఒక మనిషికి, మెడ కింద కదలిక లేని నోలాండ్ ఆర్బా అనే యువకుడికి, వాళ్లు చిప్పు పెట్టారు. దాంట్లో 64 పోగులు, వాటి మీద 1024 ఎలక్ట్రోడ్లు. పోగు వెంట్రుక కన్నా సన్నం. మనిషి చెయ్యి పనికిరాదు, రోబో సూదితో కుడుతుంది. (ఆసు పోసే చేతుల నొప్పి చూసి 1999లో యంత్రం చేసిన మన చింతకింది మల్లేశం గారికి ఈ మాట చెబితే వింతగా అనిపించదనుకుంటాం!) ఆ అబ్బాయి మనసులో అనుకుని కంప్యూటర్‌లో చదరంగం ఆడాడు. కొన్ని వారాలకే కొన్ని పోగులు మెదడులోంచి వెనక్కి జారాయి. బిగువు తప్పిన పోగు సంగతి మీకు మేం చెప్పాలా? వాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చి, మిగిలిన పోగులతోనే పని నడిపించారు.

మా అసలు శత్రువు నీళ్లు. ఒళ్లంతా ఉప్పునీరే కదా. డబ్బాలోకి చెమ్మ దూరితే చిప్పు పోయినట్టే, విప్పి బాగుచేయడానికి అది మగ్గం కాదు. అందుకని ఉప్పునీళ్లలో వేసి వేడిచేసి చూస్తాం. పది డిగ్రీలు పెరిగితే అరుగుదల సుమారు రెట్టింపు అని లెక్క. 37 డిగ్రీల ఒంట్లో ఏడాదికి జరిగేది 67 డిగ్రీల నీళ్లలో నెలన్నరలో తెలిసిపోతుంది. పదేళ్లు నిలవాలంటే పదిహేను నెలలు కాచుకుని కూర్చోవాలి. ఓపిక మాత్రం మన ఇళ్లల్లో నేర్చుకున్నదే.

ఊరొచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "గనిలో నడుం విరిగి పడున్నాడు, మావాడికి ఆ చిప్పు పెట్టిస్తారా? ఇల్లు అమ్మైనా పెట్టిస్తాం." ఇల్లు అమ్మొద్దు. అది ఇంకా పరీక్షల్లోనే ఉంది, దుకాణంలో దొరకదు. పైగా అది కర్సర్‌ను కదిలిస్తుంది గానీ, కాళ్లను నడిపించదు. మనదేశంలో మనుషుల మీద జరిపే ఏ పరీక్షైనా సీటీఆర్ఐలో నమోదు కావాలి. నంబరు చెప్పకుండా డబ్బు అడిగేవాణ్ని నమ్మొద్దు.

ఇప్పటికే ఉన్నవి వేరు. పార్కిన్సన్ వణుకుకు మెదడులో తీగ పెట్టే వైద్యం 1987లో ఫ్రాన్స్‌లో బెనాబిద్ మొదలుపెట్టింది, హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు. అందరికీ పనికిరాదు, మందులకు లొంగనివాళ్లకే. పుట్టు చెవుడు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్‌కు కేంద్రం ఏడిఐపి పథకం ఉంది. అది చిన్న వయసులోనే చేయించాలి, ఆలస్యమైతే మాట రావడం కష్టం. పరీక్ష వెంటనే చేయించండి.

భోజనాలయ్యాక మేం వెనక వరుసలో కూర్చుంటాం. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు అక్కడికి రండి.