ఆట ఆడని పన్నెండో మనిషి

 

ఈ రోజు అభిమానం గురించి మాట్లాడుకుందాం. సినిమా హీరో మీద అభిమానం కాదు, కాబట్టి మా హీరో మీ హీరో అని గొడవలు పెట్టుకోవద్దు. కాలేజీ ఫుట్‌బాల్ టీం మీద అభిమానం. అదేంది, కాలేజీ టీంకు కూడా ఫ్యాన్స్ ఉంటారా అంటారేమో. ఉంటారు. లక్ష మంది ఉంటారు.

మా చిన్నాయన కొడుకు ఒకడు కొండాపురం నుంచి ఎంఎస్ చేయడానికి అమెరికా పోయినాడు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ, ఊరి పేరు కాలేజ్ స్టేషన్. ఇక్కడున్నప్పుడు క్రికెట్ తప్ప ఏమీ ఎరగడు. ఇప్పుడు ఫోన్ చేస్తే గొంతు రాదు. "ఏమైందిరా, జ్వరమా?" అంటే, "లేదన్నా, నిన్న మ్యాచ్‌లో అరిచినా" అంటాడు. మ్యాచ్ మొత్తం నిలబడే చూస్తారంట. మూడున్నర గంటలు. "ఒరేయ్, నువ్వు చదవను పోయినావా, అరవను పోయినావా?" అని అడిగినా. నవ్వి, దాని వెనకాల ఒక కథ ఉందన్నాడు. అది చెప్తా.

ముందు ఒక మాట. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం అనుకునేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు, ఎదుటోళ్లు మీదపడి ఆపుతారు. జట్టుకు 11 మంది. ఈ 11 గుర్తుపెట్టుకోండి.

1922 జనవరి 2. డల్లాస్‌లో మ్యాచ్. ఎదుట సెంటర్ కాలేజ్ అనే చిన్న కాలేజీ. చిన్నదే గానీ, అంతకుముందు ఏడాది హార్వర్డ్‌నే ఓడించింది. ఏ అండ్ ఎం ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటకు వస్తున్నారు. బెంచి మీద మనుషులు అయిపోతున్నారు. కోచ్ డానా బైబిల్‌కు ఒక కుర్రాడు గుర్తొచ్చినాడు. పేరు కింగ్ గిల్. ముందు ఫుట్‌బాల్ టీంలోనే ఉండి, తర్వాత బాస్కెట్‌బాల్‌కు మారినాడు. ఆ రోజు విలేకరులు కూర్చునే చోట ఒక పత్రికాయనకు ఆటగాళ్లను గుర్తుపట్టి చెప్తున్నాడు. కోచ్ కిందికి పిలిచినాడు. గిల్ స్టాండ్స్ కింద నిలబడి, దెబ్బ తగిలిన ఒక ఆటగాడి డ్రెస్ వేసుకుని వచ్చి సిద్ధంగా నిలబడినాడు.

ఏ అండ్ ఎం 22-14తో గెలిచింది. గిల్ ఏం చేసినాడు? ఏమీ చేయలేదు. మైదానంలోకే దిగలేదు, అవసరం రాలేదు. మ్యాచ్ అయిపోయేసరికి బెంచి దగ్గర మిగిలినోడు ఆయన ఒక్కడే.

నాకు నచ్చింది అదే. మన సినిమాలో అయితే ఆఖరి నిమిషంలో దిగి గెలిపించాల్సిందే. ఇక్కడ ఆడని మనిషికి స్టేడియం బయట విగ్రహం పెట్టినారు. అప్పటి నుంచి ఆ యూనివర్సిటీ స్టూడెంట్స్ అందరినీ కలిపి 'పన్నెండో మనిషి' అంటారు. పిలిస్తే మేమూ దిగుతాం అని చెప్పడానికే నిలబడటం. ఆ పేరును 1990లో ట్రేడ్‌మార్క్ కూడా చేయించుకున్నారు. వాడుకున్నందుకు సియాటిల్ ప్రొఫెషనల్ టీం మీద కేసు వేసి 2006లో రాజీ చేసుకున్నారు. అమెరికా కదా, అభిమానానికి కూడా కాగితాలుంటాయి.

వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది పడతారు. జమ్మలమడుగు టౌన్, కొండాపురం జనమంతా పోయి కూర్చున్నా ఇంకా బోలెడు ఖాళీ ఉంటుంది. సొంత ఊళ్లో మ్యాచ్ ఉంటే ముందు రోజు అర్ధరాత్రి అందరూ చేరి నినాదాలు ప్రాక్టీస్ చేస్తారు. నడిపించేది ఐదుగురు స్టూడెంట్స్, వాళ్లను ఓట్లేసి ఎన్నుకుంటారు. ఎదుటి టీంను ఎగతాళి చేస్తూ 'బూ' అని అరవడం అక్కడి పద్ధతి కాదు. మన ట్రోలింగ్ బ్యాచ్ అక్కడ ఒక్కరోజు కూడా బతకలేదు.

సరే, టీం గొప్పగా గెలుస్తుందా అంటే, ఆఖరిసారి జాతీయ ఛాంపియన్ అయింది 1939లో. అంతే. దాన్ని చూసినోళ్ల మనవళ్లకు కూడా ఇప్పుడు పిల్లలు. అయినా ప్రతి సీజన్‌లో స్టేడియం నిండుతుంది. 2024 నవంబర్ 30న పాత ప్రత్యర్థి టెక్సాస్ యూనివర్సిటీ 2011 తర్వాత మొదటిసారి వీళ్లతో ఆడింది. సొంత మైదానంలోనే 17-7తో ఓడిపోయినారు. అయినా ఎవరూ టీవీ పగలగొట్టుకోలేదు.

ఇప్పుడు రెండో వైపు. ఇది చెప్పకపోతే కథ అబద్ధం అవుతుంది.

టెక్సాస్‌తో మ్యాచ్ ముందు ప్రతి ఏడూ స్టూడెంట్స్ పెద్ద మంట వేసేవాళ్లు. మన భోగి మంట లాంటిదే, కానీ దుంగలు వేలల్లో. చెట్లు నరకడం, అంతస్తులుగా పేర్చడం అంతా పిల్లలే. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున 2:42కు, దాదాపు 5,000 దుంగల ఆ కట్టడం పిల్లలు పైన పని చేస్తుండగానే కూలిపోయింది. 12 మంది చనిపోయినారు, 27 మందికి దెబ్బలు తగిలినాయి. వారం తర్వాత మ్యాచ్ జరిగింది, ఏ అండ్ ఎం 20-16తో గెలిచింది. ఆ రోజు మధ్య విరామంలో ప్రత్యర్థి కాలేజీ బ్యాండ్ నివాళి పాటలు వాయించి, టోపీలు తీసి నిలబడింది.

తర్వాత విచారణ సంఘం వేసినారు, 2000 మేలో రిపోర్టు వచ్చింది. కట్టడం డిజైన్ బలంగా లేదు, పర్యవేక్షణ సరిగ్గా లేదు అని యూనివర్సిటీ గురించే రాసినారు. యూనివర్సిటీ తరఫున ఆ మంట మళ్లీ వెలగలేదు. కూలిన చోట స్మారకం కట్టినారు. కొంతమంది స్టూడెంట్స్ క్యాంపస్ బయట ఇప్పటికీ వేసుకుంటారు. నాకైతే ఆ పట్టుదల అర్థం కాదు, ఉన్నమాట చెప్తున్నా.

మన దగ్గరకు రాండి. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ షో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. గెలిచిన పండగలో! ఆ 11 మందిలో ఎక్కువ మంది మీ వయసు వాళ్లే. ఎన్ని రోజులు మాట్లాడుకున్నాం మనం? తర్వాతి రిలీజ్ వరకు.

కాలేజీ ఫుట్‌బాల్ మనకు సంబంధం లేనిది అనుకోవద్దు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశానికి నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన కోచ్ రహీం సాబ్, అదే 'మైదాన్' సినిమాలో చూసినారు కదా, ఆయన ఉస్మానియా యూనివర్సిటీలో చదివి ఆడినాయనే. కాలేజీ మైదానం నుంచి ఒలింపిక్స్ దాకా పోయిన దారి మన హైదరాబాద్‌లోనే ఉండింది.

మరి మన కాలేజీ టీం యోగి వేమన యూనివర్సిటీ పోటీలకు పోతే చూసేది ఎవరు? పీఈటీ సారు, బ్యాగులు మోసే ఇద్దరు స్నేహితులు. గెలిచినా ఓడినా కాలేజీలో ఎవరికీ తెలియదు. పక్క గదిలో కూర్చునే పిల్లోడు కప్పు తెస్తే మనకు తెలియదు గానీ, ముంబైలో ఆడేవాడి షూ సైజు చెప్తాం.

మా తమ్ముడిని అడిగినా, అక్కడ అంతగా ఏం దొరికింది నీకు అని. "అన్నా, దిగిన మొదటి నెల పక్కన నిలబడినోళ్లు ఎవరో కూడా తెలియదు. స్కోరు రాగానే భుజం మీద చెయ్యేసినారు. ఆ రోజు నుంచి ఊరు అనిపించింది" అన్నాడు. ఇంటిమీద బెంగతో వాళ్లమ్మకు రోజూ ఫోన్ చేసి ఏడ్చినోడు వాడు. మా పిన్ని ఇప్పుడు ఆ టీం మెరూన్ రంగు టోపీ పెట్టుకుని ఫోటో దిగింది, ఆట ఏందో తెలియకపోయినా.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కొండాపురం కాలేజీల్లో టీంలో ఆడేవాళ్లు ఈ ఎపిసోడ్ చూస్తుంటే, మ్యాచ్ యాడుందో, ఎప్పుడుందో మాకు చెప్పండి. ఏ ఆటైనా సరే. పది మందిమి బండ్లేసుకుని వస్తాం. మూడున్నర గంటలు నిలబడలేము గానీ, గొంతు మాత్రం పోయేదాకా అరుస్తాం.

ఉంటాను మరి.