మాట పుట్టిన చోటు, మాట తగిలిన చోటు

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా ముంబయిలో జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



'పాత తరం - కొత్త తరం' అన్న అంశంపై నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. తెలుగు మాస్టారు గనుక నీతిశతకాల గురించి చెప్పి ముగిస్తాడని మీలో చాలమంది అనుకొని ఉంటారు. నేను మాత్రం మా ఇంట్లో జరిగిన ఒక తగవుతో ఆరంభించి, ఆ తగవు నాకు నేర్పిన పాఠాన్ని మీ ముందుంచదలచాను.

మా మనుమడికి 16 ఏండ్లు. ఎల్లవేళలా చెవులలో తీగలు పెట్టుకొని తల ఊపుతూ ఉంటాడు. గత వేసవిలో ఒకనాడు, "ఏమి వింటున్నావురా, నాకూ వినిపించు" అన్నాను. వాడు తటపటాయించి, చివరకు ఫోనును బల్ల మీద పెట్టాడు. అది అమెరికా నల్లజాతి యువకులు పాడే ర్యాప్ పాట. నాలుగు నిమిషాల పాటలో నల్లవారిని కించపరచే మాట ఒకటి, స్త్రీలను కుక్కతో పోల్చే మాట ఒకటి లెక్కకు మించి వచ్చాయి. నేను మండిపడి, "ఇది ఈ ఇంట్లో వినపడరాదు" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. ఫోను తీసుకొని లేస్తూ, "తాతా, నీవు తిట్లు విన్నావు, పాట వినలేదు" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 31 సంవత్సరాలు ఈ పాఠశాలలో పాఠం చెప్పినవాణ్ణి. పాఠం చదవకుండా పరీక్ష వ్రాసిన పిల్లలను ఎందరినో మందలించాను. ఇప్పుడు నేనే పాఠం చదవకుండా తీర్పు చెప్పానా అన్న సందేహం కలిగింది. అందుచేత వాని సాయంతోనే కొంత చదివాను, కొంత విన్నాను.

ఈ సంగీతానికి హిప్-హాప్ అని పేరు. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అద్దె ఇండ్ల భవనంలో, బడులు తెరిచే ముందు ఒక అమ్మాయి ఏర్పాటు చేసిన వేడుకలో ఆమె అన్న రికార్డులు వాయించాడు. లోకం అతనిని కూల్ హెర్క్ అన్న పేరుతో ఎరుగును. ఆ రాత్రినే ఈ కళకు పుట్టినరోజుగా చెప్పుకొంటారు. ఆ బ్రాంక్స్ స్థితి ఎట్టిదనగా, మధ్యనుండి పెద్ద రహదారి వేయడం వల్ల వేలాది కుటుంబాలు చెదరిపోయాయి; పనులు పోయాయి; 1970లలో వీథులకు వీథులే మంటలపాలయ్యాయి. వాద్యాలు కొనే స్తోమత లేని పిల్లలు పాత రికార్డులనే వాద్యాలుగా చేసుకొన్నారు, మాటలనే తాళంగా మలచుకొన్నారు. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం విడుదల చేసిన 'ది మెసేజ్' అన్న పాట ఆ పేటల దుర్భర జీవితాన్ని దేశమంతటికీ వినిపించింది.

1982 అన్న అంకె చూడగానే నా మనస్సు చివుక్కుమన్నది. ఆ సంవత్సరం జనవరిలోనే మన ముంబయి మిల్లుల సమ్మె ఆరంభమైనది. ఈ పాఠశాల పిల్లలలో ఎందరి తండ్రులు సాంచా ఖాతాలలో పనిచేసేవారో, సమ్మె తరువాత ఎందరి పేర్లు హాజరుపట్టీ నుండి తొలగిపోయాయో నేనెరుగుదును. పని పోయిన పేట ఎట్లుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ పాటలలోని భాషపై అమెరికాలో జరిగిన తగవు మన ఇంటి తగవు కంటె చాల పెద్దది. 1985లో రాజకీయ నాయకుల భార్యలు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, పిల్లలు వినే పాటలలో అశ్లీలం పెచ్చుమీరినదని ఆందోళన చేశారు. ఆ సెప్టెంబరులో సెనేటు సంఘం ఎదుట విచారణ జరిగింది. కాలక్రమాన తల్లిదండ్రులను హెచ్చరించే నలుపు తెలుపు చీటీ పాటల పెట్టెలపై వెలసింది. 1990లో దానికి అందరికీ ఒకే రూపం ఏర్పడింది. అదే 1990లో ఫ్లోరిడాలో ఒక న్యాయమూర్తి 'టూ లైవ్ క్రూ' అనే బృందపు ఆల్బము అశ్లీలమని తీర్పు చెప్పాడు. దానిని అమ్మిన దుకాణదారును అరెస్టు చేశారు. పాడినవారినీ అరెస్టు చేశారు గాని, జ్యూరీ వారిని నిర్దోషులుగా ప్రకటించింది. 1992లో పై న్యాయస్థానం మొదటి తీర్పును కొట్టివేసింది.

తెల్లవారు నల్లవారి నోరు నొక్కజూచిన కథగానే దీనిని తలచితే పొరపాటు. అసలైన వాదం నల్లజాతి ఇండ్లలోనే, తాతలకూ మనుమలకూ మధ్యనే జరిగింది. 1993 జూన్‌లో హార్లెంలోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చి పాస్టరు కాల్విన్ బట్స్, ఈ పాటల క్యాసెట్లను స్టీమ్ రోలరుతో తొక్కిస్తానని ప్రకటించి యంత్రాన్ని వీథిలోకి తెప్పించాడు. పాటల పక్షం వహించినవారు యంత్రానికి అడ్డు నిలిచారు. సి. డెలోరెస్ టక్కర్ అనే మహిళ ఈ పాటలకు వ్యతిరేకంగా సంవత్సరాల తరబడి ఉద్యమం నడిపింది. ఆమె యువతను ద్వేషించే మనిషి కాదు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి సెల్మా యాత్రలో నడిచిన వ్యక్తి. 1971లో పెన్సిల్వేనియా రాష్ట్ర కార్యదర్శి పదవిని పొందిన నల్లజాతి వనిత. ఏ మాటను వినకుండా బ్రతకడం కోసం తన తరం దెబ్బలు తిన్నదో, ఆ మాటనే మనుమలు పాటకట్టి అమ్ముకొంటున్నారన్నది ఆమె ఆవేదన. ఆ ఆవేదన నాకు వెంటనే అర్థమైనది.

మనుమల వాదం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. లాస్ ఏంజలెస్ సమీపంలోని కాంప్టన్ నుండి వచ్చిన 'ఎన్.డబ్ల్యు.ఏ.' బృందం 1988లో పోలీసులను బూతులు తిడుతూ ఒక పాట పాడింది. మరుసటి సంవత్సరం కేంద్ర దర్యాప్తు సంస్థ అధికారి ఒకరు ఆ పాటల సంస్థకు ఆక్షేపణ లేఖ వ్రాశారు. 1991 మార్చిలో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి లాస్ ఏంజలెస్ పోలీసులు చుట్టుముట్టి కొట్టిన దృశ్యం టెలివిజనులో లోకమంతా చూచింది. 1992 ఏప్రిల్‌లో ఆ పోలీసులపై నేరం రుజువు కాలేదని తీర్పు రాగా నగరం భగ్గుమన్నది. పాటలోని భాష అసభ్యమే, సందేహం లేదు. కాని పెద్దలు ఆ భాషను ఖండించిన శ్రద్ధలో సగమైనా ఆ పాట చెప్పిన సంగతిపై పెట్టి ఉంటే బాగుండేదన్నది పిల్లల వాదం. నా మనుమడు నాతో అన్నదీ అదే.

ఇక నల్లవారిని కించపరచే ఆ మాట సంగతి. తమను అవమానించిన మాటనే వారు ఒకరినొకరు పిలుచుకోవడానికి ఎట్లా వాడుకొంటారని మొదట ఆశ్చర్యపోయాను. అంతలో నా బాల్యం గుర్తుకు వచ్చింది. 1960లలో ఈ నగరంలో దక్షిణాది వారిపై ద్వేషం రగిలిన రోజులలో వీథిలో మమ్ములను 'మద్రాసీ' అని పిలిచేవారు. మేము మద్రాసు ముఖం చూచి ఎరుగము; అయినా ఆ పిలుపులో ఉన్న విషం మాకు తెలిసేది. అదే మాటతో మా చాళ్ లో మేము పిల్లలం ఒకరినొకరం ఎగతాళిగా పిలుచుకొని కడుపుబ్బ నవ్వేవాళ్లం. ఆ నవ్వులో కొంత విషం కరిగేది. బయటివాడు అంటే మాత్రం చేయి పిడికిలి అయ్యేది. 2018లో కెండ్రిక్ లామార్ అనే గాయకుడు అలబామాలో ఒక కచేరీలో శ్రోతలలోని తెల్లజాతి యువతిని వేదికపైకి పిలిచి తన పాట పాడించాడు. ఆమె పాటలోని ఆ మాటను కూడ పలుకగా, పాట ఆపించి వారించాడు. ఆ యేడే అతని ఆల్బముకు పులిట్జర్ బహుమతి లభించింది. మాట ఎవరి నోట వచ్చినదన్నదానిని బట్టి అర్థం మారుతుందని అతని భావం. దానిని కాదనేవారు వారిలోనే ఉన్నారు. 2007 జులైలో డెట్రాయిట్‌లో ఎన్.ఎ.ఎ.సి.పి. అనే వారి ప్రాచీన సంస్థ ఆ మాటకు శవపేటిక కట్టి, ఊరేగించి, అంత్యక్రియలు జరిపింది. రెండు పక్షాలలోనూ గాయపడ్డవారే ఉన్నారు.

ఈ దశలో నేను మనుమడి వైపు కొంత మొగ్గాను. అప్పుడు మా మనుమరాలు కలుగజేసుకొన్నది. ఆమెకు 20 ఏండ్లు, కళాశాలలో చదువుతున్నది. "తాతా, వాళ్ల మాట వాళ్లు వాడుకొన్నారు, సరే. ఆ రెండవ మాట ఎవరిది? అది మమ్మల్ని అనే మాట. దానిని వాడుకొనే హక్కు వాళ్లకెవరిచ్చారు?" అని అడిగింది. మనుమడు మౌనం వహించాడు. నేనూ మౌనం వహించాను.

నా మౌనానికి వేరే కారణమున్నది. ఈ వయస్సులో దాచుకోవలసినది ఏమీ లేదు గనుక చెబుతున్నాను. మా నాయన మిల్లులో పనిచేసేవాడు. రాత్రి పాళీ ముగించుకొని వచ్చి, తన్ను అవమానించిన జాబరును నోటికి వచ్చినట్లు తిట్టేవాడు. ఆ తిట్లు వింటుంటే నాకు అసహ్యం వేసేది కాదు. పాపం, అక్కడ అనలేక ఇక్కడ అంటున్నాడనిపించేది. కొన్ని రాత్రులు అవే తిట్లు మా అమ్మ వైపు తిరిగేవి. ఆమె రొట్టె చేస్తూ తల వంచుకొని ఉండేది. మాటలు మారలేదు, మనిషి మారలేదు. పైవాని మీదికి పోయినప్పుడు అది మొరగా వినబడింది. క్రిందనున్న ఆమె మీద పడినప్పుడు అది దెబ్బ అయింది. ఈ తేడా నాకు పదేండ్ల వయస్సులోనే తెలుసు. తెలిసి కూడ మరచిపోయినందుకు మనుమరాలి ముందు సిగ్గుపడ్డాను.

ఆమె అడిగిన ప్రశ్నను అమెరికాలోని నల్లజాతి స్త్రీలు ఏనాడో అడిగారు. టూ లైవ్ క్రూ కేసులో పండితుడు హెన్రీ లూయిస్ గేట్స్, ఆ పాటలు నల్లజాతివారి పరిహాస తిట్ల సంప్రదాయానికి చెందినవని సాక్ష్యమిచ్చాడు. న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా ఆ అరెస్టులలోని జాతి వివక్షను ఖండిస్తూనే, పరిహాసమన్న పేరుతో స్త్రీల అవమానాన్ని కప్పిపుచ్చరాదని వ్రాసింది. 1993లో క్వీన్ లతీఫా ఆ తిట్టు మాటను నిలదీస్తూ తానే ఒక ర్యాప్ పాట కట్టింది. 2004లో అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాల విద్యార్థినులు స్త్రీలను హీనంగా చూపిన ఒక గాయకుని వీడియోపై నిరసన తెలిపారు. వీరిలో అధికులు ఆ సంగీతాన్ని ప్రేమించినవారే. అందుచేతనే వారి మాటకు బరువు వచ్చింది.

మన సాహిత్యంలోనూ ఇట్టి సంవాదం నడిచింది. 18వ శతాబ్దిలో తంజావూరులో ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సంపూర్ణంగా ప్రచురించగా, ప్రభుత్వం దానిని అశ్లీలమని నిషేధించింది. ఆ కావ్యాన్ని అంతకుముందే గర్హించినవారిలో కందుకూరి వీరేశలింగం వంటి మహనీయుడున్నాడు. నిషేధం 1947లో గాని తొలగలేదు. స్త్రీల మేలు కోరిన పెద్దలు కూడ ఒక స్త్రీ గొంతును తప్పుగా విన్నారన్నమాట. కాబట్టి వినగానే చెవులు మూసుకొనే అలవాటును మనం కొంచెం అనుమానించవలసి ఉన్నది. అయితే ముద్దుపళని ఎవరినీ కించపరచలేదు. మొరటు మాట వేరు, మనిషిని మొత్తే మాట వేరు.

తల్లిదండ్రులారా! ఈ పాటలు మన గుమ్మంలోకి ఎప్పుడో వచ్చాయి. మనకు కూతవేటు దూరంలోని ధారవిలో పిల్లలు హిందీ, మరాఠీ, తమిళ భాషలలో ర్యాప్ పాడుతున్నారు. 2019లో వచ్చిన 'గల్లీ బాయ్' చిత్రం తరువాత ఈ సంగతి దేశమంతటికీ తెలిసింది. మీరు ఇంట్లో ఆపితే వీథిలో వింటారు. మీ ముందు ఆపితే మీ వెనుక వింటారు. హెచ్చరిక చీటీ అంటించిన పెట్టెనే పిల్లలు వెదకి కొన్నారన్నది అమెరికా అనుభవం. అట్లని 'ఏమైనా వినండి' అని చేతులు దులుపుకోవడం పెంపకం అనిపించుకోదు.

మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకొన్నాము. ఆదివారం సాయంత్రం మనుమడు ఒక పాట వినిపిస్తాడు, అర్థం చెబుతాడు. తరువాత మేము రెండే ప్రశ్నలు అడుగుతాము: ఈ మాట ఎక్కడ పుట్టింది? ఎవరికి తగిలింది? మొదటి ప్రశ్నకు వాడు చక్కగా జవాబు చెబుతాడు. రెండవ ప్రశ్నకు ఒక్కొక్కమారు చెల్లెలి వరుస పిల్లల ముఖం చూచి తడబడతాడు. ఆ తడబాటే నాకు కావలసింది. మేము ఏకాభిప్రాయానికి వచ్చామని చెప్పను. నేను నేటికీ ఆ పాటలను ఇష్టపడలేదు. వాడు వినడం మానలేదు. మనుమరాలు మా ఇద్దరితోనూ వాదిస్తూనే ఉన్నది. కాని వాడిప్పుడు చెవిలో తీగలు తీసి నాతో మాట్లాడుతున్నాడు. మొన్న వచ్చి, ముత్తాత మిల్లులో వాడిన మాటలు చెప్పమని అడిగాడు. సాంచా, పాళీ, ఖాతా, జాబరు అని చెప్పాను. వ్రాసుకొన్నాడు. తిట్లు కూడ చెప్పమన్నాడు. జాబరును తిట్టినవి చెప్పాను. అమ్మను తిట్టినవి చెప్పలేదు. ఎందుకని అడిగితే, ఆ కథ చెప్పాను. వాడు కలం మూసి చాలసేపు ఏమీ అనలేదు.

75 ఏండ్లుగా ఈ పాఠశాల పరాయి నగరంలో మన పిల్లలకు మాట నేర్పింది. మాటను శుద్ధంగా పలకడం నేర్పాము, దోషం లేకుండా వ్రాయడం నేర్పాము. అది ఎవరిని తాకుతుందో చూచుకొనడం నేర్పే పని ఇంటా బడిలోనూ ఇంకా మిగిలి ఉన్నదని మనవి చేస్తున్నాను.