డెర్సూ ఉజాలా: అడవిలో ఇద్దరు ఒంటరివారు

మాది సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. కనుక చిన్న మాటలతో ఒక సినిమా కథ చెప్పదలచాము.

ఆ చిత్రం పేరు డెర్సూ ఉజాలా. జపాను దర్శకుడు అకిరా కురొసావా 1975లో సోవియట్ దేశంలో, రష్యన్ భాషలో తీసినాడు. 1976లో పరభాషా చిత్రాలకిచ్చే ఆస్కార్ బహుమతి దానికి వచ్చినది. అందులో ప్రేమకథ లేదు, కొట్లాటలు లేవు. ఉన్నది ఇద్దరు ఒంటరి మనుషులు, ఒక మహారణ్యం.

కథ 1902 నాటిది. రష్యా తూర్పు కొసన ఉస్సూరి అడవికి దేశపటం గీయుటకు వచ్చిన కెప్టెన్ ఆర్సేన్యేవ్ ఒకరు. డెర్సూ అనే ముసలి వేటగాడు మరొకరు. మశూచి అతని భార్యాబిడ్డలను తీసుకొనిపోయినది. నిప్పు, నీరు, పులి అన్నీ అతనికి మనుషులే. రష్యన్ మాటలు ముక్కలు ముక్కలుగా పలుకుతాడు. సిపాయిలు నవ్వుతారు. కెప్టెన్ మాత్రం చెవి పెట్టి వింటాడు.

పాత గుడిసె ఒకటి బాగుచేసి, అందులో బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టె ఉంచమంటాడు డెర్సూ. ముక్కు మొగం తెలియని బాటసారి కోసం! ఖాంకా సరస్సు వద్ద చలిగాలి విరుచుకుపడినప్పుడు గడ్డి కోసి గూడు కట్టి కెప్టెన్ ప్రాణం నిలుపుతాడు.

పిమ్మట డెర్సూకు చూపు తగ్గినది. కెప్టెన్ అతన్ని ఖబారోవ్‌స్క్ పట్టణంలో తన ఇంటికి తీసుకొనిపోయినాడు. అక్కడ అందరూ ఆదరించినారు. కానీ నీళ్ళు కొనుట, కట్టెలు కొనుట అతనికి అర్థం కాలేదు. తుపాకి పేల్చరాదు, చెట్టు నరకరాదు. చివరకు అడవికే పోతానన్నాడు. కెప్టెన్ ప్రేమతో కొత్త తుపాకి ఇచ్చినాడు. ఆ తుపాకి కోసమే ఎవరో అతన్ని చంపినారు.

ఈ కథ మనకెందుకు? రబ్బరు తోటలలో బ్రతికిన మన మలేషియా పెద్దలు నేడు పట్టణపు అంతస్తుల ఇండ్లలో కూర్చున్నారు. వారికి అన్నం పెడుతున్నాము, మందులు తెస్తున్నాము. అది కెప్టెన్ కూడా చేసినాడు. అతని ఇంట డెర్సూకు లేనిది పని. తనకు తెలిసినది నలుగురికి పనికివచ్చే చోటు.

కనుక మా మనవి ఒక్కటే. తాతగారి చేతికి నాలుగు కుండీలు, కొంచెం మట్టి ఇవ్వండి. అవ్వను వంట దగ్గరకు పిలిచి, పిల్లలకు చూపించమనండి. వారు చెప్పిన ప్రతి తెలుగు మాటను పిల్లల నోటుపుస్తకంలో వ్రాయించండి. ఆ పుస్తకాలను మా సాయంకాలపు తరగతికి పంపండి. వాటితోనే పాఠం చెప్పెదము.

సెలవు.